గుంపులో వెళ్తే నేపుల్స్ దక్కుతుందా?

గత సంచికలో ఇటలీలోని నేపుల్స్ గురించి, దాని దగ్గర అగ్నిపర్వతం కప్పేసిన పాత రోమన్ ఊరు పాంపేయి గురించి రాశాను. గైడుతో చిన్న గుంపుగా వెళ్లి బొమ్మలు, చరిత్ర, తిండి మూడూ చూసిరావడం ఎలా ఉంటుందో చెప్పాను. గుంటూరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక నేను ఇలాంటి గుంపుల వెంట వెళ్తుంటాను. అది చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. కొన్నిటికి ఇక్కడ జవాబులు.

మేడమ్, నేనూ మావారూ రిటైర్డ్ టీచర్లం. ఒక కంపెనీవాళ్లు 11 రోజుల్లో ఆరు దేశాలు చూపిస్తామంటున్నారు. ఇంకొకరు 9 రోజులు ఒక్క ఇటలీయే, అందులోనూ రోము, నేపుల్స్ మాత్రమే అంటున్నారు. ధర ఇంచుమించు ఒకటే. "ఆరు దేశాలు వదిలేసి రెండు ఊళ్లకి వెళ్తారా?" అని మా అబ్బాయి నవ్వుతున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, తెనాలి

ఆ ఆరు దేశాల కాగితం ముందు పెట్టుకుని ఎర్ర పెన్ను తీయండి. ఎలాగూ మీకు అలవాటే. "పనోరమిక్ టూర్" అని ఎక్కడుంటే అక్కడ గీత పెట్టండి, బస్సు దిగనివ్వరని దాని అర్థం. "ఫోటో స్టాప్" అంటే దిగనిస్తారు, కాళ్లు సాగేలోపు మళ్లీ ఎక్కిస్తారు. "వ్యూ ఫ్రమ్ అవుట్‌సైడ్" అంటే టికెట్ డబ్బు వాళ్లు కట్టలేదని. "ఓరియంటేషన్ వాక్" అంటే ఆ ఊరి గైడు ఉండడు, టూర్ మేనేజరే వీధి చివరిదాకా నడిపించి వెనక్కి తెస్తాడు. ఇవన్నీ కొట్టేశాక, తలుపు దాటి లోపలికి వెళ్లి చూసేవి ఎన్ని మిగిలాయో మీ అబ్బాయినే లెక్కపెట్టమనండి. అప్పుడు నవ్వుతాడేమో చూద్దాం.

అయితే, ఇటలీ ఒక్కటే అన్నారు కదా అని రెండోది మంచిదైపోదు. దాని మీదా ఎర్ర పెన్ను తిప్పాల్సిందే. ముందు వారాలు చూడండి. నేపుల్స్ ఆర్కియలాజికల్ మ్యూజియానికి మంగళవారం సెలవు. ముసుగు కప్పిన క్రీస్తు పాలరాతి విగ్రహం ఉన్న సాన్‌సెవెరో చాపెల్‌కీ మంగళవారమే సెలవు. మిమ్మల్ని నేపుల్స్‌లో మంగళవారం పూట దింపి "ఈరోజు మీ ఇష్టం వచ్చినట్టు తిరగండి" అని రాశారంటే, ఆ ప్రోగ్రామ్ తయారుచేసినవాళ్లు నేపుల్స్ మొహం చూడలేదన్నమాట. వాటికన్ మ్యూజియాలకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం తెరుస్తారు. ఇంకో చిక్కుంది. నెలలో మొదటి ఆదివారం ఇటలీ ప్రభుత్వ మ్యూజియాలు, పాంపేయి ఉచితం. ఉచితమని సంబరపడకండి, ఆ జనంలో గైడు గొంతు వినపడదు, గుర్తుకోసం పైకెత్తిన గొడుగు కూడా కనపడదు. పైగా 2024 నవంబరు నుంచి పాంపేయిలోకి రోజుకు 20,000 మందినే వదులుతున్నారు, టికెట్ మీద పేరు కూడా ఉంటుంది. "అక్కడికెళ్లాక కొందాంలెండి" అనే కంపెనీకి నమస్కారం పెట్టి వచ్చేయండి.

తర్వాత గైడు సంగతి. హైదరాబాదు నుంచి మీతోపాటు విమానమెక్కే టూర్ మేనేజర్ వేరు, గైడు వేరు. ఇటలీలో గైడు పని చేయాలంటే లైసెన్సు ఉండాలి. కాబట్టి "లోకల్ లైసెన్స్‌డ్ గైడు ఎన్ని రోజులు, ఎన్ని గంటలు?" అని కాగితం మీద రాయించుకోండి. గుంపులో పదిహేను మంది దాటితే చెవిలో పెట్టుకునే రేడియో సెట్లు ఇస్తారో లేదో అడగండి. అవి లేకపోతే ముందు నడిచే నలుగురికే చరిత్ర, వెనకవాళ్లకి నడక.

నా మాట అడిగితే రెండు ఊళ్లకే వెళ్లండి. ఒక్క నేపుల్స్‌లోనే నాలుగు రాత్రులు ఉంచే ప్రోగ్రామ్ దొరికితే ఇంకా మంచిది.

నాకు 29 ఏళ్లు. మ్యూజియంలో అరగంట దాటితే ఆవలింతలు వస్తాయి. మా ఆవిడకి పెయింటింగులంటే ప్రాణం. ఇద్దరం ఇలాంటి టూర్‌కి వెళ్తున్నాం. బొమ్మలు చూడటం తెలియాలంటే ఏదైనా పుస్తకం చెప్పండి, పరువు కాపాడండి.
- ఒక పాఠకుడు, వరంగల్

పుస్తకం వద్దు. ఆవలింతలు రావడానికి కారణం మీరు కాదు, ఒక పూటలో నాలుగు వందల బొమ్మలు చూపించే పద్ధతి. మీకు ఒకే ఒక్క బొమ్మ చెబుతాను, దాని ముందు ఇరవై నిమిషాలు నిలబడండి.

నేపుల్స్ పాత ఊళ్లో త్రిబునాలి అనే ఇరుకు వీధిలో పియో మోంటే దెల్లా మిజెరికోర్దియా అని ఎనిమిది మూలల చర్చి ఒకటుంది. 1602లో ఏడుగురు కలవారి కుర్రాళ్లు పేదసాదలకు సాయం చేయాలని ఒక సంఘం పెట్టారు. ఆ సంఘం ఇప్పటికీ నడుస్తోంది. తమ చర్చికి బొమ్మ వేయమని వాళ్లు పురమాయించింది ఎవరికనుకున్నారు? 1606లో రోములో కత్తి దూసి ఒకణ్ణి చంపి, తల తీస్తారని పారిపోయి వచ్చిన చిత్రకారుడు కరవాజ్జోకి. దయా ధర్మాల గురించి బొమ్మ వేయించుకోవడానికి హంతకుణ్ణి పట్టుకున్నారు. 1607లో అతను వేసిచ్చిన బొమ్మ ఆ సంఘం చర్చిలోనే, ప్రధాన బలిపీఠం మీద ఇవాళ్టికీ ఉంది. ఏ మ్యూజియమూ దాన్ని ఎత్తుకుపోలేదు.

ఆకలిగొన్నవాడికి తిండి, దాహంతో ఉన్నవాడికి నీళ్లు, బట్టలేనివాడికి బట్ట, బాటసారికి గూడు, రోగికి పలకరింపు, ఖైదీకి పరామర్శ, దిక్కులేని శవానికి మట్టి. ఈ ఏడు పుణ్యకార్యాలనూ చూపించాలి. ఇంకొకరైతే ఏడు గళ్లు గీసి ఏడు బొమ్మలు వేసేవారు. ఇతను ఏడింటినీ నేపుల్స్‌లోని ఒక చీకటి సందులో, ఒకే రాత్రి జరుగుతున్నట్టు కలిపేశాడు. చూడగానే వీధి గొడవలా ఉంటుంది.

మొదటి ఐదు నిమిషాలు చెవిలో రేడియో తీసేయండి. వెలుగు ఎక్కణ్ణుంచి పడుతోందో వెతకండి. కుడిపక్క ఒకడు దివిటీ పట్టుకుని ఉంటాడు. దాని కింద చూస్తే రెండు పాదాలు, అంతే. శవమంతా గోడ మలుపు అవతల ఉంది. దాని ముందు ఒక యువతి, జైలు ఊచల్లోంచి తల బయటపెట్టిన ముసలివాడికి పాలిస్తోంది. ఇబ్బందిపడి చూపు తిప్పుకోకండి. ఆమె అతని కూతురు. తిండి పెట్టకుండా చంపమని శిక్ష పడిన తండ్రిని చూడటానికి వచ్చి బతికించుకున్న కూతురి కథ రోమన్లకు బాగా తెలిసిందే. ఆకలి తీర్చడం, ఖైదీని పలకరించడం, రెండూ ఒకే దెబ్బకి అయిపోయాయి. అతని గడ్డం మీద పాలచుక్క కోసం చూడండి. ఎడమపక్క టోపీకి ఈక పెట్టుకున్న కుర్రాడు కత్తితో తన పైబట్టని రెండు ముక్కలు చేస్తున్నాడు. కింద చీకట్లో నేలమీద ఒంటిమీద బట్టలేని మనిషి ఉన్నాడు. మిగిలినవి మీరే వెతుక్కోండి. ఏడూ దొరికాక తల పైకెత్తితే, రెక్కలు చిక్కుపడ్డ దేవదూతలు ఆ సందులోకి వేలాడుతూ ఉంటారు, వాళ్ల వెనకనుంచి బిడ్డను పట్టుకున్న మేరీ మాత తొంగిచూస్తోంది.

అప్పుడు రేడియో పెట్టుకుని గైడు చెప్పేది వినండి. ఆ తర్వాత బయటికొచ్చి త్రిబునాలి వీధిలో నడవండి, బొమ్మలోని మొహాలే స్కూటర్ల మీద ఎదురొస్తాయి. మీ ఆవిడ మిగతా మ్యూజియాలు చూస్తున్నప్పుడు మీరు నిర్భయంగా కాఫీకి వెళ్లొచ్చు. పరువుకేమీ ఢోకా లేదు.

మేం శుద్ధ శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. రోజూ రాత్రి ఇండియన్ రెస్టారెంటులో భోజనం పెడతామని టూర్‌వాళ్లు అంటున్నారు. "ఆ ఊరి తిండి తినకపోతే వెళ్లడం దేనికి అత్తయ్యా?" అని మా కోడలు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

కోడలి మాట వినండి. కానీ ఆ ఊళ్లో మాంసం ఎక్కడెక్కడ దాక్కుంటుందో తెలుసుకుని మరీ తినండి.

ముందు మంచి కబురు. నేపుల్స్‌లో మారినారా అనే పిజ్జా ఉంది. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. చీజ్ ఉండదు. పిండిలో కూడా మైదా, నీళ్లు, ఉప్పు, ఈస్టు తప్ప ఇంకేమీ వేయరు. దాదాపు 485 డిగ్రీల కట్టెల పొయ్యిలో నిమిషం, నిమిషంన్నరలో కాలి బయటికొస్తుంది. మధ్యలో మెత్తగా జారుతూ ఉంటే ఉడకలేదని కంగారుపడకండి, అది అలాగే ఉండాలి. ఈ పిజ్జా చేసే విద్యకు 2017లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మార్గెరీటా పిజ్జా 1889లో రాణిగారి కోసం పుట్టిందని ప్రతి గైడూ చెబుతాడు, చరిత్రకారులకి దాని మీద చాలా అనుమానాలున్నాయి. కథ బాగుంది, విని ఊరుకోండి.

ఇక చీజ్ గురించి. ఇటలీ సంప్రదాయ చీజ్‌లు చాలావాటిలో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. పార్మిజానోలో అయితే తప్పనిసరిగా అదే. ఆ ప్రాంతపు గేదెపాల మొజరెల్లాలోనూ వాడతారు. ఇది పట్టింపు ఉన్నవాళ్లు మారినారా దగ్గరే ఆగాలి, పాస్తా మీద చీజ్ చల్లవద్దని ముందే చెప్పాలి.

అసలు ప్రమాదం తీపి పదార్థాల్లో ఉంది. పొరలు పొరలుగా పెళుసుగా ఉండే స్ఫోలియాతెల్లా చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. ఆ పొరలు విడిపోవడానికి సంప్రదాయంగా పంది కొవ్వు రాస్తారు. మిరియాలు వేసిన తరాల్లీ అనే కరకరలాడే చుట్టల్లోనూ అదే కొవ్వు. దాన్ని స్ట్రుత్తో అనీ సూన్యా అనీ అంటారు. ఆ రెండు మాటలు ఫోనులో రాసిపెట్టుకోండి. ఇంకో మోసం "జెనొవేజే" పాస్తా. జెనోవా పేరుంది కదా, తులసాకుల పచ్చడిలాంటి పెస్టో అయి ఉంటుందనుకుని ఆర్డరిస్తారు. నేపుల్స్‌లో జెనొవేజే అంటే గంటల తరబడి ఉల్లిపాయలతో ఉడికించిన గొడ్డుమాంసం. ఉల్లిపాయలు కరిగి ముద్దవుతాయి కాబట్టి పైకి మాంసం కనపడకపోవచ్చు కూడా. ఆకుకూరల్లో ఫ్రియారియెల్లీ తినండి. కొంచెం చేదు, వెల్లుల్లి, ఎండుమిరపతో వేయిస్తారు, మన నోటికి వెంటనే ఎక్కుతుంది. పక్కన పంది సాసేజ్ పెట్టడం అక్కడి ఆనవాయితీ కాబట్టి అది వద్దని చెప్పండి. "సెంజా కార్నే, సెంజా పేషే, సెంజా ఉవోవా" అంటే మాంసం, చేప, గుడ్డు వద్దని. చేప మాట మరిచిపోవద్దు, ఆంకొవీ చేపముక్కను వాళ్లు మాంసం కింద లెక్కవేయరు.

టమాటా, మిరపకాయ కొలంబస్ తర్వాతే అటూ ఇటూ వెళ్లాయని తెలుసు కదా. అందుకే పాంపేయి వాళ్లకి మన కారమూ తెలియదు, ఇప్పటి పిజ్జా కూడా తెలియదు. 2023లో అక్కడ గోడ మీద పళ్లెంలో రొట్టె ఉన్న బొమ్మ బయటపడితే పత్రికలన్నీ "తొలి పిజ్జా" అని రాశాయి. టమాటా లేని పిజ్జా ఏమిటో నాకైతే అర్థం కాలేదు.

ఇండియన్ భోజనం పూర్తిగా మానెయ్యమనను. అయితే పాత ఊరినుంచి బస్సులో ఎంత దూరం తీసుకెళ్తారో అడగండి. రాత్రి పప్పు కోసం రానూపోనూ గంటన్నర బస్సులో కూర్చోవడం మామూలే. ఆ టైములో నేపుల్స్ వీధుల్లో నడవచ్చు. రెండు రాత్రులకొకసారి అలాంటి భోజనం చాలని గుంపంతా కలిసి అడిగితే కంపెనీవాళ్లు మారుస్తారు. కందిపొడి, ఆవకాయ తీసుకెళ్లండి, సీసాలు మాత్రం చెకిన్ సామానులోనే. నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి, పాల పదార్థాలూ మాంసమూ బయటి దేశాలనుంచి తేకూడదని యూరోపియన్ యూనియన్ నియమం.

కిందటేడు వెళ్లిన టూరులో బస్సు డ్రైవరు హైవే మీద ముప్పావుగంట బస్సు ఆపేసి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. అడిగితే పలకలేదు. ఆ ఆలస్యంతో మాకు మ్యూజియం పోయింది. కంపెనీ మీద కేసు వేయొచ్చా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

డ్రైవరు తప్పు లేదు. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి. రోజుకు తొమ్మిది గంటలకు మించి నడపకూడదు, వారానికి రెండు రోజులు మాత్రం పది గంటలదాకా నడపనిస్తారు. బండిలో ఉండే మీటరు ఇదంతా రాసిపెడుతుంది, తప్పితే జరిమానా. ఆ ముప్పావుగంటని లెక్కలో వేసుకోకుండా మ్యూజియం టికెట్ తీసినవాళ్లనే నిలదీయండి. ఆ మ్యూజియం టికెట్ డబ్బు వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. కేసు ఎందుకు, వకీలు ఫీజుకి ఇంకోసారి వెళ్లిరావచ్చు.

మావారికి మోకాళ్ల నొప్పులు. పాంపేయిలో రాళ్లమీద చాలా నడవాలట కదా. మానుకోమంటారా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

మానుకోవద్దు. కానీ అందరితో కలిసి పరుగెత్తవద్దు. అక్కడి వీధులు నల్లటి పెద్ద రాతి పలకలు, రెండు వేల ఏళ్ల కిందటి బండి చక్రాల గాడులు వాటిలో లోతుగా ఉంటాయి. వీధి దాటడానికి వేసిన ఎత్తు రాళ్లు మోకాళ్లకు శత్రువులు. ఆంఫిథియేటర్ పక్కనున్న గేటునుంచి చక్రాల కుర్చీలు కూడా వెళ్లేలా ఒక దారి వేశారు, ముఖ్యమైనవి చాలావరకు ఆ దారిలోనే వస్తాయి. గైడుకి ముందురోజే చెప్పి ఆ గేటునుంచి మొదలుపెట్టమనండి. నీడ తక్కువ, టోపీ తప్పనిసరి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం కప్పేసిన ఊళ్లో మూడింట రెండు వంతులే తవ్వారు, అయినా ఒక్కరోజులో అంతా చూసినవాళ్లు లేరు. ఒక బేకరీ, ఒక ఇల్లు, అరుగులో కుండలు పాతిపెట్టిన ఒక పూటకూళ్ల కొట్టు చూస్తే చాలు.

మర్నాడు గుంపు వెసూవియస్ కొండెక్కుతానంటే మీవారిని నేపుల్స్‌లో సాన్ గ్రెగోరియో ఆర్మేనో వీధికి తీసుకెళ్లండి. క్రిస్మస్‌కి ఇళ్లలో పెట్టుకునే బొమ్మలు అమ్మే వీధి అది. మన బొమ్మల కొలువులాగే దేవుడి చుట్టూ ఊరంతా చేరుతుంది: కసాయివాడు, చేపలమ్మే మనిషి, పిజ్జా కాల్చేవాడు, మధ్యలో ఫుట్‌బాల్ ఆటగాడు మారడోనా కూడా. వీధి చిన్నది, కూర్చుని కాఫీ తాగే చోట్లు దగ్గరలోనే ఉన్నాయి.

మాది సంగారెడ్డి. కొండాపూర్ మ్యూజియంలో రోమన్ నాణేలు చూశాను. వాళ్ల డబ్బు మన దగ్గరకి వచ్చిందంటే, మన వస్తువులు అక్కడేమైనా ఉన్నాయా? నేపుల్స్ వెళ్లే మా మేనమామని చూసి ఫోటో తీసి పంపమంటాను.
- ఒక డిగ్రీ విద్యార్థి

నాకు వచ్చిన వాటిలో మంచి ప్రశ్న ఇదే. నీ పేరు రాయకపోవడం బాగాలేదు.

మీ మామయ్యని నేపుల్స్ ఆర్కియలాజికల్ మ్యూజియంలో "గబినెత్తో సెగ్రెతో" అనే గదికి వెళ్లమను. పాంపేయిలో దొరికిన శృంగార బొమ్మలు ఉంచే గది అది, సిగ్గుపడకుండా వెళ్లమను. అక్కడ జానెడు పైచిలుకు ఎత్తున్న దంతపు బొమ్మ ఉంది. నిలువెల్లా నగలు, నడుముకి వడ్డాణం, కాళ్లకి కడియాలు, రెండు పక్కలా చిన్న పరిచారికలు. 1938లో పాంపేయిలో ఒక ఇంట్లో దొరికింది. మొదట లక్ష్మీదేవి అన్నారు, "పాంపేయి లక్ష్మి" అన్న పేరే స్థిరపడిపోయింది. యక్షిణి అయి ఉంటుందని ఇప్పుడు చాలామంది పండితుల మాట. తలమీద రంధ్రం ఉంది కాబట్టి అద్దం పిడో, బల్ల కాలో, ఏదో ఒక సామానులో భాగం. ఇలాంటి బొమ్మలే మహారాష్ట్రలో భోకర్దన్, తేర్ అనేచోట్ల దొరికాయి. అవి శాతవాహనులు ఏలిన నేలలు. మీ కొండాపూర్‌ను ఏలింది కూడా వాళ్లే. బొమ్మ అడుగున ఖరోష్ఠి అక్షరం చెక్కి ఉంది, అది వాయవ్య భారతపు లిపి. అంటే ఎన్నో చేతులు మారి ఓడెక్కిందన్నమాట.

ఇంకో సంగతి విను. భారతదేశం ఏటా ఐదు కోట్ల సెస్టెర్సుల రోమన్ డబ్బు లాగేస్తోందని ఒక రోమన్ పెద్దమనిషి తన గ్రంథంలో గోలపెట్టాడు. ఆయన పేరు ప్లినీ. నేపుల్స్ అఖాతంలో నౌకాదళానికి అధిపతిగా ఉంటూ, వెసూవియస్ పేలినప్పుడు జనాన్ని కాపాడబోయి అక్కడే చనిపోయాడు. ఆయన బాధపడ్డ డబ్బులో కొంత నువ్వు కొండాపూర్‌లో చూశావు. ఆ డబ్బుతో కొన్న సరుకులో ఒకటి మీ మామయ్య చూస్తాడు. మంగళవారం వెళ్లొద్దని చెప్పు.

ఒంటరిగా గుంపులో చేరితే తెలియని ఆవిడతో గది పంచుకోమంటున్నారు. గురక పెడితే ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

విడిగదికి అదనంగా ఎంతవుతుందో అడిగి, కట్టగలిగితే కట్టేయండి. లేకపోతే బయల్దేరకముందే ఆవిడ ఫోను నంబరు తీసుకుని ఒకసారి మాట్లాడండి. లేచే వేళ, ఏసీ, బాత్రూము, ఈ మూడూ ముందే తేల్చుకుంటే సగం గొడవ ఉండదు. చెవిలో పెట్టుకునే దూదిబిళ్లలు రెండు జతలు కొనండి. ఒక జత ఆవిడకివ్వండి. మీరు గురక పెట్టరని మీకెలా తెలుసు?

వీసా గురించి రాసిన అందరికీ: ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి పనికొచ్చే ఒకే వీసా) దరఖాస్తు పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, కంపెనీ సర్వీసు చార్జి దానికి అదనం. 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. తిరిగొచ్చే తేదీ తర్వాత పాస్‌పోర్టుకి ఇంకా మూడు నెలలు గడువు మిగలాలి. వేసవి సెలవుల్లో అపాయింట్‌మెంట్లు దొరక్క అందరికీ టెన్షనే, మే నెల ప్రయాణమైతే సంక్రాంతి పిండివంటలు అయిపోగానే కాగితాలు మొదలుపెట్టండి.